నోటు తిరుగ వ్రాయు దినము



నేను వర్తకుడను గాను, బ్యాంకు ఉద్యోగిని గాను. కృష్ణకు దక్షిణముననున్న ఒక మెట్ట గ్రామములో ముప్పదియొక యేండ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పి విరమించినవాడను. మా ఊరిలో చేతివ్రాత కుదురుగానున్నవానికి బడిపనితోపాటు మఱియొక పని తప్పదు. దీపాలు పెట్టు వేళకు ఎవరో ఒకరు అరుగుమీదికి వచ్చి, "మాస్టారూ, ఒక నోటు రాసిపెట్టాలి" అందురు. ఒక తెల్లకాగితము, ఒక రెవిన్యూ స్టాంపు, ఇద్దరు సాక్షులు. పావుగంటలో పని ముగియును. అట్లు నేను వ్రాసిన ప్రామిసరీ నోట్లు ఎన్నియో లెక్కపెట్టుకొనలేదు. ప్రతిదాని క్రిందను దస్తూరి యని నా పేరుండును. ఆ నోట్లలో ఒకదానిని గూర్చి మీతో చెప్పవలెనని నేడు వచ్చితిని. దాని వ్రాత నాది. దానిలోని తప్పులో కొంత పాలును నాదే.

నోటు సంగతి మీకు తెలియనిది కాదు. అయినను ఒక్క విషయము జ్ఞప్తి చేసెదను. నోటు వ్రాసిన దినము మొదలు మూడు సంవత్సరములలోపల బాకీ వసూలునకు దావా వేయవలెను. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ఆ గడువు దాటిన నోటు కోర్టులో నిలువదు. దీనినే మనము కాలదోషము పట్టుట యందుము. కావున మూడవయేడు నిండవచ్చుసరికి అప్పిచ్చినవాడు కబురు పంపును. పుచ్చుకొన్నవాడు చెల్లింపగల స్థితిలో నుండడు. ఇద్దరును కలిసి నా అరుగుమీదికి వత్తురు. నేను పాతనోటు మీది అసలును, మూడేండ్ల వడ్డీని కలిపి, ఆ మొత్తమునే అసలుగా జేసి క్రొత్తనోటు వ్రాయుదును. పాతనోటు చింపివేయుదురు. అందరును తలకొక గ్లాసు టీ త్రాగి ఇండ్లకు పోవుదురు. ఎవరి చేతినుండియు ఒక్క రూపాయి కదలలేదు గనుక, ఏదియు జరిగినట్లు ఎవరికిని తోచదు.

2009వ సంవత్సరమున మా వీధిలోని ఒక రైతు, నాకు తమ్ముని వరుసవాడు, బోరు వేయించుటకు లక్ష రూపాయలు అప్పుచేసెను. అతనికి నాలుగెకరముల మెట్ట గలదు. ప్రత్తియు మిరపయు వేయువాడు. త్రాగుడు లేదు, పేకాట లేదు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అది మా ప్రాంతమున అందరును ఒప్పుకొను ధర, దానిని అధికమని అనువారు లేరు. బ్యాంకునకు పోరాదా యని నేనడిగితిని. "మూడుసార్లు తిరగాలన్నయ్యా, ఈలోగా బోరుబండి వెళ్లిపోతుంది" అనెను. అందులో అబద్ధము లేదు. బండి మా ఊరిలో రెండు దినములే నిలుచును. నోటు వ్రాసితిని. నీరును పడెను.

2012లో నోటు గడువు ముగియవచ్చెను. మూడేండ్ల వడ్డీ 72,000. నేను 1,72,000లకు క్రొత్తనోటు వ్రాసితిని. 2015లో వడ్డీ 1,23,840, నోటు 2,95,840 అయ్యెను. 2018లో మరల గడువు వచ్చుసరికి మొత్తము 5,08,845 అయ్యెను. ఈమారు అతడు నోటు తిరుగ వ్రాయించుటకు రాలేదు. ఎకరము బేరము పెట్టి, అగ్రిమెంటు వ్రాయించుటకు వచ్చెను.

ఆ తొమ్మిదియేండ్లలో అతనికి ఒక్కసారియైనను కొత్తగా రూపాయి అప్పు పుట్టలేదని మీరు గమనింపవలెను. పుచ్చుకొన్నది ఆ లక్షయే. వడ్డీరేటును పెరుగలేదు. మొదటి మూడేండ్లు నెలకు 2,000 చొప్పున వడ్డీ ఏర్పడెను, తరువాతి మూడేండ్లు 3,440, కడపటి మూడేండ్లు 5,917. నూటికి రెండన్న మాట ఆది నుండి అంతము వరకు అదే. ఏ నూటికి అన్నదే మారుచు వచ్చెను. బోరు మాత్రము అదే బోరు.

పోస్టాఫీసులో కిసాన్ వికాస పత్రమని యొకటి గలదు. 2023 ఏప్రిలు నుండి దానిమీద వడ్డీ నూటికి ఏడాదికి ఏడున్నర. ఆ లెక్కను పెట్టిన సొమ్ము రెట్టింపగుటకు 115 నెలలు, అనగా తొమ్మిదియేండ్ల ఏడునెలలు పట్టును. మన చేతి సొమ్ము రెండింతలగుటకు పట్టు కాలములో, మన నోటు అయిదింతలు దాటినది. ఈ రెండు లెక్కలు ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నిద్రపట్టకపోవుటకు వేఱు కారణము గలదు. అగ్రిమెంటు పనిమీద మేము పట్టణమునకు పోయినప్పుడు, అక్కడి వకీలుగారు నా నోట్ల చరిత్ర అంతయు విని, "ప్రతిసారీ వడ్డీని అసలులో ఎందుకు కలిపారండీ?" అని యడిగిరి. కాలదోషము పట్టకుండుటకని చెప్పితిని. ఆయన నవ్వలేదు, నవ్విన బాగుండెడిది. ఆయన చెప్పినది ఇది. అప్పు తీసికొన్నవాడు గడువులోపల ఎంత స్వల్పముగానైనను కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లును నోటు వెనుక తన చేతితో వ్రాసి గాని, మఱియొకరు వ్రాయగా తాను సంతకముచేసి గాని ఇచ్చినయెడల, ఆ చెల్లు దినము నుండి మరల మూడేండ్ల గడువు లభించును. బాకీ యున్నదని ఒప్పుకొనుచు గడువులోపల వ్రాసి సంతకము చేసిన కాగితమునకును అంతటి బలమే గలదు. ఈ రెండును ఆ 1963 చట్టములోనే యున్నవి. నోటును బ్రతికించుటకు వడ్డీని అసలుగా మార్చవలసిన అవసరము చట్టములో లేదు. అది మన అరుగుల మీద పుట్టిన అలవాటు.

చెల్లు వ్రాయుట నాకు తెలియని పని కాదు. వందలకొలది చెల్లులు వ్రాసినవాడను. సొమ్ము చెల్లించువానికి చెల్లు, చెల్లింపలేనివానికి క్రొత్తనోటు, అని నా బుద్ధి రెండు అరలు చేసికొని యుండెను. చెల్లింపలేనివాడును అయిదువందలు చెల్లింపగలడనియు, ఆ అయిదువందల చెల్లు అతని అసలును లక్షయొద్దనే నిలుపుననియు నాకు తోచలేదు. అట్లు నిలిచియున్నచో తొమ్మిదియేండ్లకు వడ్డీ 2,16,000, అసలుతో 3,16,000 అయ్యెడిది. దానికిని మేము కట్టిన 5,08,845లకును భేదము 1,92,845 రూపాయలు. అది నా చేతివ్రాత వెల.

అప్పిచ్చినవాడు చెడ్డవాడు కాడు. 2012లో అతడు నాతో అన్న మాట నాకింకను చెవిలో నున్నది. "కాలదోషం పట్టకుండా చూడండి మాస్టారూ, అంతే." వడ్డీని అసలులో కలుపుమని అతడనలేదు. కలిపినది నేను. కలిపిన పిదప వలదనియు అతడనలేదు. అట్లనుట ఎవరికి సాధ్యము?

ఈ మోసము, మోసమని యనరాదేమో, ఈ గారడీ పూర్వులకు తెలియనిది కాదు. ఒక్కమారు వసూలుచేయు వడ్డీ అసలును మించరాదని ధర్మశాస్త్రములు చెప్పినవి. 1938లో చెన్నపట్టణపు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినప్పుడు, నోటు ఎన్నిమార్లు తిరుగ వ్రాసినను మొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా లెక్కింపవలెనని అందులో స్పష్టముగ వ్రాసిరి. అసలునకు రెట్టింపు అంతకుముందే చెల్లించియున్న వ్యవసాయదారుని బాకీ పూర్తిగా తీరినట్లే యనిరి. అది ఆనాటి పాత బాకీలకు చేసిన ఏర్పాటు. నేడు మన నోటును కాపాడునది ఆ చట్టము కాదు, నోటు వెనుకనున్న ఖాళీ స్థలము. ఆ స్థలమున మూడేండ్లకొకమారు వ్రాయబడు రెండు పంక్తులు.

ఇక నా తమ్ముని ఇంటిలోనే జరిగిన రెండవ సంగతి చెప్పవలెను. ఇది చెప్పుట నాకు కష్టము, ఏలయనగా ఇందులో ఎవరిదియు దోషము కనబడదు. 2012లో నోటు తిరుగ వ్రాసిన నాడు, అతని కుమార్తె పేర పోస్టాఫీసులో 60,000 రూపాయలుండెను. దానిమీద నూటికి ఏడాదికి ఇంచుమించు ఎనిమిది వచ్చుచుండెను. ఆ సొమ్మును కొంత నోటుకు కట్టరాదా యని నేనంటిని. లోపలినుండి మా మరదలు, "అది పిల్లది బావగారూ, దాన్ని ముట్టుకోం" అనెను. నేను సంతోషించితిని. ఎంత నియమము గల సంసారమని ఊరిలో నలుగురితో చెప్పితిని కూడ.

లెక్కకు వచ్చి చూడుడు. ఎనిమిది వడ్డీ తెచ్చు సొమ్మును పెట్టెలో దాచి, ఇరువదినాలుగు వడ్డీ తినివేయు బాకీని వాకిట కట్టివేసికొన్నారు. ఆ అరువదివేలు 2012లోనే నోటుకు కట్టియున్నచో, తిరుగ వ్రాసిన తరువాతయైనను 2018 నాటికి నోటులో 1,77,504 రూపాయలు తగ్గెడిది. పోస్టాఫీసులో అదే సొమ్ము ఆరేండ్లకు ఇంచుమించు 95,000 అయ్యెను. పిల్లకొఱకు దాచిన సొమ్మే పిల్లకు రావలసిన పొలమును తినివేసినది.

అయినను మా మరదలి మాటను నేను కొట్టివేయలేను. నోటుకు కట్టిన సొమ్ము తిరిగి పోస్టాఫీసునకు రాదని ఆమెకు తెలియును. మగవారి చేతిలో పడిన సొమ్ము ఏదో ఒక పంట మందుల కొట్టుకు పోవుననియు తెలియును. ముట్టుకొనని సొమ్ము అని ఒకటి ఇంటిలో నుండనిచో ఆ ఇల్లు నిలువదు. ఇదియంతయు నిజము. ఎంత ముట్టుకొనరాదన్నదే విచారింపవలసినది. పిల్లకు జబ్బుచేసినచో ఆసుపత్రికి పరుగెత్తుటకు, ఒక కారు తప్పినచో తిండిగింజలకు కావలసినంత ఉంచుకొని, మిక్కిలినది నోటుకు కట్టియుండవలసినదని నేడు నేననుకొనుచున్నాను. ఆ ఇంటికి అది పదునైదు, ఇరువదివేలు. ఈ మాట ఆమెతో 2018 తరువాత ఒకమారు చెప్పితిని. "అప్పుడు చెప్పలేదేం బావగారూ?" అనెను.

ఒక్క ఇంటి కథ చెప్పి కాలము గడుపుచున్నానని మీరనుకొనవలదు. 2019లో కేంద్రప్రభుత్వపు గణాంకశాఖవారు జరిపిన సర్వేలో బాకీయున్న వ్యవసాయ కుటుంబములు దేశమంతటను నూటికి ఇంచుమించు 50గా తేలినవి. తెలంగాణమున ఇంచుమించు 92, ఆంధ్రప్రదేశమున 93. ఆంధ్రప్రదేశమున ఇంటికి సగటు బాకీ రెండు లక్షల నలుబదియైదు వేలకు పైమాట. కావున ఈ మాటలు వినుచున్న ప్రతి అరుగునకును ఇటువంటి నోటు ఒకటి దగ్గరలోనే యుండును.

నేను గమనించిన చిక్కు మఱియొకటి గలదు. సొమ్మునకు వెల యున్నది గాని, ఆ వెలను ఒక్కొక్కచోట ఒక్కొక్క భాషలో చెప్పుదురు. ఊరిలో నూటికి నెలకు రూపాయి, రెండు రూపాయలందురు. బ్యాంకులో ఏడాదికి శాతమందురు. బండ్లమ్ము కొట్టులో నెలకింత కట్టిన చాలునందురు. ఎరువుల కొట్టులో వడ్డీయన్న మాటయే యెత్తరు. విన్నవానికి పోల్చిచూచుకొను దారి తెలియదు. నా మట్టుకు నాకు ఊరిభాషయే నచ్చినది. దేనినైనను నూటికి నెలకు ఎంతయని మార్చుకొందును. బ్యాంకువారు చెప్పిన శాతమును పండ్రెండుచే భాగించిన చాలును. పండ్రెండు శాతము రూపాయి వడ్డీ. పంటఋణము మూడు లక్షల వరకు ఏడు శాతమునకు ఇచ్చి, గడువులోపల చెల్లించినవారికి అందులో మూడు తగ్గించు పద్ధతి కొన్నియేండ్లుగా నడచుచున్నది. ఆ నాలుగు శాతము మన భాషలో ముప్పదిమూడు పైసల వడ్డీ. ప్రక్కవీధిలోని రెండు రూపాయల వడ్డీలో అది ఆరవ పాలు. మూడుసార్లు తిరుగుటకు చార్జీలు, పోయిన కూలి అన్నియు కలిపినను ఆ తిరుగుడు గిట్టునో లేదో అప్పుడు లెక్క తేలును.

ఈ పంటఋణము పట్టాదారు పుస్తకమున్నవానికి సులభము, కౌలు చేయువానికి కాదు. చెమట వానిది, పుస్తకము వేఱొకరిది. ఆంధ్రప్రదేశమున కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చుటకు 2011లో ఒక చట్టమును, దాని స్థానమున 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును చేసిరి. భూమి యజమానులకు సంతకము చేయుటకు జంకు గలదు. పొలము పోవునేమోయని భయము. ఊరిపెద్దలు మధ్యవర్తులై ఆ భయము తీర్చగలిగిన, అది నేను చెప్పు లెక్కలన్నిటికంటెను పెద్ద సాయము.

ఎరువుల కొట్టు సంగతి కొంచెము వివరముగ చూడవలెను, ఏలయనగా వడ్డీ యను మాట లేని వడ్డీ అక్కడనే యున్నది. మందుడబ్బా రొక్కమునకు 1,000 రూపాయలు. పంట చేతికి వచ్చినప్పుడిత్తునన్నచో 1,150 వ్రాసికొందురు. ఆరునెలలకు నూటికి పదునైదు. అనగా నెలకు రెండున్నర రూపాయల వడ్డీ. ఇంతటితో పోయిన మేలే. అరువిచ్చినవానికే పంట పోయవలెనని మాట యుండును. అతడు క్వింటాలునకు బజారు ధరకంటె రెండువందలు తక్కువ కట్టినను మనము కిమ్మనము. ఇరువది క్వింటాళ్లు పోసినచో అక్కడ 4,000 పోయినది. అరువు తెచ్చినది ఇరువదివేల సరుకైనచో, ఆ నాలుగువేలు దానిమీద మఱియొక ఇరువది శాతము. రెండును కలిపి ఆరునెలలకు ముప్పదియైదు. నూటికి నెలకు ఆరు రూపాయలకు దగ్గఱ. ఆ వడ్డీ అడిగిన మనిషిని మనము ఊరిలోనికి రానీయము, అరువుకొట్టువానిని మాత్రము శుభకార్యములకు పిలుతుము. అతడును పైవారికి వడ్డీ కట్టుకొనువాడే, ఎగవేసినవారి నష్టమును భరించువాడే. అతనిని తిట్టవలదు. రొక్కపు ధరయెంత, అరువు ధరయెంత యని రెండును అడిగి చీటిమీద వ్రాయించుకొనుడు.

మోటారుసైకిలు కథ మీ ఇండ్లలోని కుఱ్ఱవారికి చెప్పుడు. 60,000 అప్పు, పండ్రెండు శాతము, రెండేండ్లు. వడ్డీ 14,400 కలిపి 74,400లను 24 వాయిదాలు చేసి నెలకు 3,100 కట్టుమందురు. రూపాయి వడ్డీయే గదా యని కుఱ్ఱవాడు సంతోషించును. ఏడాది తిరుగుసరికి అసలులో ఇంచుమించు సగము తీరియుండును, వడ్డీ మాత్రము కడవరకు అరువదివేలమీదనే వేసియున్నారు. నిజముగా ఏ నెలకానెల మిగిలిన బాకీమీద లెక్కకట్టినచో అది నూటికి నెలకు రూపాయి ఎనుబది పైసలు తేలును. 2024 అక్టోబరు 1 నుండి ఇటువంటి ఋణములకు, అన్ని ఖర్చులును కలిపి ఏడాదికి ఎంత శాతము పడుచున్నదో ఒక ముఖ్యాంశముల పత్రముమీద, ఋణము తీసికొనువానికి అర్థమగు భాషలో వ్రాసి ఇయ్యవలెనని రిజర్వుబ్యాంకువారు నియమము పెట్టిరి. బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును దానికి లోబడినవే. సంతకమునకు ముందు ఆ పత్రము తెలుగులో కావలెనని అడుగుడు. అడుగువాడు లేక అది బల్లక్రింద పడియుండును.

చీటీలను గూర్చి ఎక్కువ చెప్పను. 1982 నాటి చిట్‌ఫండుల చట్టము క్రింద రిజిస్టరైన చీటీలో నిర్వాహకుని కమీషను 2019 సవరణ తరువాత నూటికి ఏడు మించరాదు. ఊరిలో మాటమీద నడచు చీటీకి ఆ కట్టడి యేదియు లేదు, నడుపువాని మంచితనమే దానికి జామీను. మంచివాడును చనిపోవచ్చును.

ఈ లెక్కలు కఠినమైనవి కావు. అయిదవ తరగతి పిల్లవాడు చేయగలడు. అయినను చేయము, ఎందుకనగా మనము అప్పును గూర్చి తలంచునది అప్పు కావలసిన నాడే. జ్యేష్ఠమాసమున తొలకరి పడినది, విత్తనము కావలెను, బోరుబండి వచ్చినది, పెండ్లివారు కదలుచున్నారు. ఆనాడు మనిషికి లెక్క పట్టదు, ఎవడిచ్చిన వాడే దేవుడు. పంట అమ్మి చేతిలో నాలుగు రూపాయలున్న ఫాల్గుణమాసములో ఆ బాకీ మనకంటికి కనబడదు. ఇంటికప్పు కారుచున్నది కనబడును, ఎద్దు ముసలిదైనది కనబడును. నోటు మాత్రము పరుల పెట్టెలో భద్రముగా నిద్రించుచుండును.

నేనిప్పుడు ఒక పని చేయుచున్నాను. నేను వ్రాసిన ప్రతి నోటునకు ఒక నకలు కాగితము వ్రాసి, అప్పు తీసికొన్నవాని ఇంటిలోనే, బియ్యపు డబ్బా మూతలోపల అంటింపుమని చెప్పుదును. ఇంటి ఇల్లాలు దినము తెఱచు మూత అది. తేది, అసలు, నెలకు పడు వడ్డీ రూపాయలలో, కాలదోషము పట్టు దినము, అంతకు ముందు నెలలో వ్రాయవలసిన చెల్లు. నూటికి రెండని వ్రాయను, నెలకు రెండువేలని వ్రాయుదును. మొదట కొందఱు పరువు తక్కువ యనిరి. ఇప్పుడు కొందఱు ఆడువారే వచ్చి కాగితము చినిగినది, మరల వ్రాసిపెట్టుమని అడుగుచున్నారు.

ఆ మధ్య సంక్రాంతి ముందు నా తమ్ముని కుమారుడు వచ్చెను. మిగిలిన మూడెకరములు ఇప్పుడు వాడే చేయుచున్నాడు. "పెదనాన్నా, ఎనభై వేలకి నోటు రాయాలి, రెండో కోత కూలీలకి, మందులకి" అనెను. సాక్షులను కూడ వెంటబెట్టుకొని వచ్చెను. రేపు వ్రాయుదునని చెప్పి సాక్షులను పంపివేసితిని. వాడు చిరాకుపడెను. రాత్రి ఇద్దఱము కూర్చుండి వాడి పుస్తకములన్నియు తీసితిమి. పంటఋణములో వాడు ఇంకను 35,000 వాడుకొనవచ్చునని తేలినది. తండ్రివలెనే వాడును దానిని అక్కఱకు ఉండనిమ్మని వదలివేసినాడు. కొట్టులో మందులు రొక్కమునకు కొన్నచో మూడువేల చిల్లర తగ్గునని మరునాడు అడుగగా తెలిసెను. పోస్టాఫీసులో చెల్లెలి పేర కొంత యున్నది. దానిని ముట్టవలదని నేనే చెప్పితిని, అది ఆసుపత్రికి సరిపడునంతయే.

మూడవనాటి సాయంకాలము 40,000లకు నోటు వ్రాసితిని. వాడు సంతకము చేసెను. సాక్షులు చేసిరి. క్రింద దస్తూరి యని నా పేరు వ్రాసి, నోటును త్రిప్పి, వెనుక ప్రక్క పైభాగమున చెల్లులకొఱకు రెండు గీతలు గీసి అప్పిచ్చిన ఆయనకు అందించితిని. ఆయన ఆ గీతలవంక కొంతసేపు చూచి, "ఇదెందుకు మాస్టారూ?" అని యడిగెను. చెప్పితిని. ఆయన తల యూచి, నోటు మడిచి జేబులో పెట్టుకొని, "మంచిదే, నాకూ నా డబ్బు తిరిగి రావాలిగా" అనెను.